గుండెకు ఆజ్ఞ ఎవరిది?

పిల్లలూ, ఈ వ్యాసం చదవటానికి ముందు ఒక చిన్న పని చెయ్యండి. కుడిచేతి మూడు వేళ్ళను ఎడమచేతి మణికట్టు మీద, బొటనవేలి వైపుగా, మెత్తగా ఆనించండి. వైద్యులు నాడి చూసేది అలాగే. వేళ్ళ కింద ఏదో తన్నినట్టు తెలుస్తుంది. గడియారం ఎదట పెట్టుకుని, అది నిమిషానికి ఎన్నిసార్లు తన్నుతున్నదో లెక్కపెట్టండి. మీకు పదేళ్ళ వయసుంటే 80, 90 దాకా రావచ్చు. మీ నాన్నగారి నాడి చూస్తే 70 చిల్లర ఉండవచ్చు.

ఇప్పుడు లెక్క మానేసి, వేళ్ళు తియ్యకుండా, నిదానంగా గాలి పీల్చి, నిదానంగా వదలండి. నాలుగైదుసార్లు అలా చేస్తే ఒక తమాషా కనిపెడతారు. గాలి పీల్చేటప్పుడు నాడి కాస్త త్వరపడుతుంది, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిస్తుంది. ఇది జబ్బు కాదు. పిల్లలలో బాగా తెలుస్తుంది, వయసు వచ్చిన కొద్దీ తగ్గిపోతుంది. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈ వ్యాసంలో ప్రాణం మీదికి తెచ్చే లయభంగం గురించి కూడా చెప్పవలసి ఉన్నది. అది చదివి, తమ నాడి చూసుకుని, తాము హడలిపోయి అమ్మను కూడా హడలగొట్టేవాళ్ళు మీలో కొందరైనా ఉంటారని నాకు తెలుసు.

గుండెలో నాలుగు గదులున్నవి. పై రెండు గదులనూ కర్ణికలంటారు. అవి చిన్నవి, వాటి గోడలు పలచన. కింది రెండింటినీ జఠరికలంటారు. వాటి గోడలు మందం, ఎందుకంటే అసలు చాకిరీ వాటిది. కుడి జఠరిక రక్తాన్ని ఊపిరితిత్తులకు పంపుతుంది. ఎడమ జఠరిక మిగిలిన ఒళ్ళంతటికీ, అరికాలి దాకా, పంపుతుంది. మీ వేళ్ళకు తగిలిన తన్ను ఆ ఎడమ జఠరికది. రోజుకు సుమారు లక్షసార్లు అది అలా తన్నుతూనే ఉంటుంది. మీరు నిద్రపోయినా అది నిద్రపోదు.

మరి దానికి "ఊఁ, ఇప్పుడు తన్ను" అని ఆజ్ఞ ఇచ్చేదెవరు?

"మెదడు" అంటారు మీలో చాలామంది. చెయ్యి ఎత్తాలంటే మెదడు ఆజ్ఞ కావాలి గనక గుండెకూ అంతే అనుకోవటం సహజమే. కాని ఇది నిజం కాదని రెండువేల ఏళ్ళ కిందటి వాళ్ళకే అనుమానం తగిలింది. రోము నగరంలో గేలెన్ అనే గొప్ప వైద్యుడుండేవాడు. జంతువు ఒంట్లో నుంచి గుండెను పూర్తిగా బయటికి తీసేసిన తరవాత కూడా అది కాసేపు కొట్టుకుంటూ ఉంటుందని ఆయన రాశాడు. మెదడుతో సంబంధం తెగిపోయిన గుండెకు మెదడు ఆజ్ఞ ఎలా అందుతుంది? కనక ఆజ్ఞ గుండెలోనే పుడుతున్నది. మెదడు నుంచి గుండెకు నరాలు వస్తాయి, నిజమే. అవి గుండెను తొందరపెట్టగలవు, నిదానపరచగలవు. మీరు గాలి పీల్చినప్పుడు నాడి త్వరపడింది ఆ నరాల మూలానే. కాని కొట్టుకోవటం గుండె సొంత విద్య.

అయితే గుండెలో ఎక్కడ? 1852లో జర్మనీలో స్టానియస్ అనే ఆయన కప్పగుండెతో ఒక చిన్న ప్రయోగం చేశాడు. రక్తం తిరిగివచ్చి గుండెలో చేరే చోట కప్పకు ఒక చిన్న సంచి ఉంటుంది. ఆ సంచికీ గుండెకూ మధ్య ఆయన దారంతో గట్టిగా ముడివేశాడు. సంచి ఎప్పటిలాగే కొట్టుకుంటూ పోయింది. దారానికి ఇవతల ఉన్న గుండె ఆగిపోయింది! అంటే ఆజ్ఞ ఆ మూల నుంచే బయలుదేరి వస్తున్నదన్న మాట. దారం దాన్ని దారిలో ఆపేసింది.

ఊళ్ళో రథం లాగటం చూశారా? రెండు మోకులు పట్టుకుని వందమంది నిలబడతారు. ఎవరికి తోచినప్పుడు వాళ్ళు లాగితే రథం అంగుళం కదలదు. ఒకడు పెద్దగా కేక వేస్తాడు, వందమందీ ఒక్కసారి లాగుతారు, అప్పుడు చక్రం కదులుతుంది. గుండె కండలో వందమంది కాదు, కోట్లకొద్దీ కణాలున్నవి. వాటన్నిటికీ కేక వినిపించాలి. వట్టినే వినిపిస్తే చాలదు, వరసగా వినిపించాలి. ముందు పై గదులు ముడుచుకుని రక్తాన్ని కిందికి దించాలి. కింది గదులు నిండాక అవి ముడుచుకోవాలి. అన్నీ ఒకేసారి ముడుచుకుంటే కిందికి దిగవలసిన రక్తం దిగదు.

ఈ కేక వెళ్ళే దారి కనిపెట్టటం ఒక్కరి పని కాలేదు. ముక్కలు ముక్కలుగా దొరికింది. చెక్ దేశస్థుడైన పుర్కింజె 1839లో గొర్రెగుండె లోపలి గోడను సూక్ష్మదర్శినితో చూస్తూ, అక్కడ బూడిదరంగు పోగులు వలలాగా అల్లుకుని ఉండటం గమనించాడు. అవి ఎందుకున్నవో ఆయనకు అంతుపట్టలేదు. 1893లో విల్‌హెల్మ్ హిస్ అనే ఆయన పై గదులకూ కింది గదులకూ మధ్య ఒక సన్నని కండకట్టను కనుక్కున్నాడు. మిగిలిన చోటల్లా పై గదులకూ కింది గదులకూ మధ్య నారలాంటి పొర అడ్డంగా ఉంటుంది. దాన్ని దాటి కేక పోదు. ఆ గోడకు ఉన్న ఒకే ఒక దొడ్డిదారి ఈ హిస్ కట్ట.

1903లో సునావో టవారా అనే జపాను యువకుడు జర్మనీలోని మార్బుర్గ్‌కు చదువుకోవటానికి వచ్చాడు. అక్కడి ఆచార్యుడు ఆషాఫ్ అతన్ని గుండెలు కోసి పరీక్షించే పనిలో పెట్టాడు. టవారా గుండెను పలచని పొరలుగా కోయించి, ఒక పొర తరవాత ఒక పొర చూసుకుంటూ, హిస్ కట్టను పట్టుకుని పైకీ కిందికీ నడిచాడు. పైకి పోతే కర్ణికల అడుగున అది ఒక ముడిలో నుంచి బయలుదేరుతున్నది. కిందికి పోతే రెండు కొమ్మలుగా చీలి, ఆ కొమ్మలు రెమ్మలై, చివరకు పుర్కింజె చూసిన పోగులుగా విడిపోతున్నది! అరవై ఏళ్ళకు పైగా ఎవరికీ అర్థంకాని పోగులు ఒక చెట్టు చివరి రెమ్మలని అప్పుడు తేలింది. 1906లో టవారా తన పుస్తకం అచ్చువేశాడు. అతనికి మన పాఠ్యపుస్తకాల్లో ఇంకా ఎక్కువ చోటు దక్కవలసిందని నా అభిప్రాయం.

అదే ఏడు వేసవిలో ఇంగ్లండులో ఇంకో ముక్క దొరికింది. ఆర్థర్ కీత్ అనే శాస్త్రజ్ఞుడికి కెంట్ జిల్లాలో ఒక పల్లెటూరి ఇల్లుండేది. మార్టిన్ ఫ్లాక్ అనే వైద్యవిద్యార్థి ఆ ఇంట్లో కూర్చుని జంతువుల గుండెలు కోసి చూస్తుండేవాడు. ఒకనాడు కీత్ భార్యతో కలిసి సైకిళ్ళ మీద తోటల వెంట షికారు పోయి తిరిగివచ్చేసరికి ఫ్లాక్ సంబరంతో ఎదురువచ్చాడు. నేలలో బొరియలు తవ్వుకుని బతికే మోల్ అనే చిన్న జంతువు గుండెలో, పై నుంచి వచ్చే పెద్దసిర కుడి కర్ణికలో కలిసే చోట, అతనికి ఒక వింత ముడి కనిపించింది. తరవాత మనిషి గుండెలో చూస్తే అక్కడా ఉన్నది. కేక పుట్టేది ఆ ముడిలోనే. వైద్యులు దాన్ని సైనస్ ముడి అంటారు. పెద్దవాళ్ళలో దాని పొడవు సుమారు ఒకటిన్నర సెంటీమీటరు. ఇంత గుండెకూ యజమాని అదీ.

ఇక కేక ప్రయాణం చూడండి. సైనస్ ముడిలో బయలుదేరి పై గదులంతటా పాకి, టవారా ముడి దగ్గిరికి వస్తుంది. ఇక్కడ దాని నడక ఎంత మెల్లనంటే సెకండుకు 5 సెంటీమీటర్లు. సుమారు సెకండులో పదోవంతు ఆలస్యం ఇక్కడే అవుతుంది. ఇది లోపం కాదు. కింది గదులు నిండటానికి ఆ వ్యవధి కావాలి. ముడి దాటి పుర్కింజె పోగులలో పడిందంటే సెకండుకు 2 నుంచి 4 మీటర్ల వేగంతో దూసుకుపోతుంది. కింది గదుల మూలమూలకూ సెకండులో పదోవంతు లోపున వార్త చేరిపోతుంది, మోకు ఒక్కసారి లాగినట్టు జఠరికలు ముడుచుకుంటాయి.

కేక అన్నాను గాని, నిజానికి అది విద్యుత్తు. ప్రతి కణం చుట్టూ ఒక పలచని పొర ఉంటుంది. పొరకు బయట సోడియం ఎక్కువ, లోపల పొటాసియం ఎక్కువ. పక్క కణం నుంచి వార్త రాగానే పొరలో ఉన్న సన్నని ద్వారాలు తెరుచుకుని సోడియం లోపలికి దూకుతుంది, కణం ముడుచుకుంటుంది. తరవాత పొటాసియం బయటికి పోయి మళ్ళీ సర్దుకుంటుంది. ఈ సర్దుకునే సేపు జఠరిక కణం ఇంకో వార్తను వినిపించుకోదు. దాదాపు సెకండులో నాలుగోవంతు అది విశ్రాంతిలో ఉంటుంది. ఈ విశ్రాంతి సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. తరవాత కథంతా దీనిమీదే నడుస్తుంది.

సైనస్ ముడి కణాలు మాత్రం ఎవరి వార్త కోసమూ ఎదురుచూడవు. వాటి ద్వారాలు పూర్తిగా మూసుకోవు, ఎప్పుడూ కొంచెం కారుతూనే ఉంటాయి. చూరు కింద పెట్టిన చెంబు చుక్క చుక్కగా నిండి పొర్లిపోయినట్టు, అవి నిండగానే వాటంతట అవే కేక వేస్తాయి. ఇదే విద్య, కొంచెం మందంగా, దారి పొడుగునా ఉన్నవాళ్ళకూ తెలుసు. సైనస్ ముడి నిమిషానికి 60 నుంచి 100సార్లు కేక వేస్తుంది. టవారా ముడి చుట్టుపట్ల కణాలను వాటి మానాన వదిలేస్తే 40 నుంచి 60సార్లు వేస్తాయి. జఠరికల్లోని పుర్కింజె పోగులైతే 20 నుంచి 40సార్లే. యజమాని కేక ముందే వినిపిస్తుంది గనక మిగిలినవాళ్ళకు నోరు తెరిచే అవకాశం రాదు. యజమాని మూగబోతే మాత్రం కిందివాళ్ళు అందుకుంటారు. ఈ ఏర్పాటు మూలాన ఎన్నో ప్రాణాలు నిలుస్తున్నవి.

కాని ఒకొక్కప్పుడు కిందివాడు వంతు రాకుండానే కేక వేస్తాడు. నిద్ర చాలకపోయినా, కాఫీ ఎక్కువైనా, జ్వరం తగిలినా, ఏ కారణమూ లేకుండానే కూడా, జఠరికలో ఏదో ఒక కణం పొర్లిపోతుంది. ఆ కేక పుర్కింజె పోగుల రాజమార్గాన బయలుదేరింది కాదు గనక కండలో అడ్డదారిన ఇంటింటికీ పాకుతూ పోతుంది. జఠరికలు ముందుగానే ముడుచుకుంటాయి. అప్పటికి అవి సరిగా నిండలేదు, అందుచేత నాడి మీద ఆ తన్ను తెలియనే తెలియదు. అంతలో సైనస్ ముడి నుంచి అసలు కేక వస్తుంది. జఠరికలు విశ్రాంతిలో ఉండి దాన్ని వినిపించుకోవు. దాని తరవాతి కేక దాకా గుండె ఊరుకుంటుంది. ఈలోగా జఠరికలు మామూలు కన్నా ఎక్కువ నిండిపోతాయి, ఈసారి తన్ను గట్టిగా ఉంటుంది. "గుండె ఒక్కసారి ఆగి గుభేలుమన్నది" అని పెద్దవాళ్ళు అనటం విన్నారా? గుండె ఆగలేదు. ముందు ఒక దొంగతన్ను తన్నింది, దాన్ని మనం గమనించలేదు, అంతే. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో ఎప్పుడైనా ఇలా జరిగితే భయపడవలసింది ఏమీ ఉండదు. మాటిమాటికీ జరిగినా, దానితో కళ్ళు తిరిగినా, ఆడుతూ ఉండగా స్పృహ తప్పినా వైద్యుడికి చూపించి తీరాలి.

ఈ దొంగతన్నును కళ్ళకు కట్టించిన యంత్రం హాలండులో పుట్టింది. లైడెన్ నగరంలో ఐంథోవెన్ అనే ఆచార్యుడు, చేతులూ ఒక కాలూ ఉప్పునీళ్ళ తొట్లలో పెట్టించి, గుండెలో పుట్టే విద్యుత్తును సన్నని తీగ కదలికగా ఫోటో తీశాడు. 1924లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. ఈనాడు ఆస్పత్రిలో ఛాతీమీద బిళ్ళలు అంటించి కాగితం మీద గీసే ఈసీజీకి అదే మూలం. రాజమార్గాన వచ్చిన తన్ను అందులో సన్నగా, నిలువుగా ఉంటుంది. అడ్డదారిన వచ్చినది వెడల్పుగా, వికారంగా ఉంటుంది. చూసిన వైద్యుడు వెంటనే పట్టేస్తాడు.

ఒక్క దొంగతన్నుతో పోతే పోనీ అనుకోవచ్చు. అదే కేక తిరిగి తిరిగి వస్తే? అది ఎలా సాధ్యమో మీరే ఆడి చూడవచ్చు.

పన్నెండుమంది స్నేహితులు వలయంగా కూర్చోండి. ఆట నియమం ఇది: ఎవరైనా భుజం తడితే లేచి నిలబడాలి, అవతలి పక్కవాడి భుజం తట్టాలి, కూర్చోవాలి. కూర్చున్నాక లోపల అయిదు అంకెలు లెక్కపెట్టుకునే దాకా ఎవరు తట్టినా లేవగూడదు. అదే విశ్రాంతి. ఇప్పుడు గోపి లేచి తన రెండు పక్కలవాళ్ళనూ తట్టి కూర్చోవాలి. తట్టటం రెండు వైపులా పాకుతూ పోయి ఎదటి చివర కలుసుకుంటుంది. అక్కడివాడు లేచి చూస్తాడు. రెండు పక్కలవాళ్ళూ అప్పుడే లేచి కూర్చున్నవాళ్ళు, విశ్రాంతిలో ఉన్నారు. తట్టటానికి ఎవరూ లేరు. ఆట ముగిసింది. ఆరోగ్యంగా ఉన్న గుండెలో ప్రతిసారీ ఇలాగే ముగుస్తుంది.

రెండోసారి ఒక చిన్న మార్పు చెయ్యండి. గోపికి ఎడమ పక్కన సీత ఉన్నదనుకుందాం. సీత మొదటి తట్టుకు లేవగూడదు, కునుకు తీస్తున్నట్టు నటించాలి. గోపి రెండు పక్కలా తడతాడు. సీత లేవదు. కుడివైపు తట్టటం మాత్రం సాగిపోతుంది. పదిమందినీ దాటుకుని, చుట్టూ తిరిగి, అటుపక్క నుంచి సీత దగ్గిరికి వస్తుంది. ఈ సరికి సీత మేలుకున్నది. లేచి గోపిని తడుతుంది. గోపి విశ్రాంతి ఎప్పుడో అయిపోయింది. అతను లేచి కుడిపక్కవాణ్ణి తడతాడు. మళ్ళీ చుట్టూ! ఇక ఈ ఆటకు అంతం లేదు. మొదట తట్టమన్నవాళ్ళు ఇంటికి పోయినా అది తిరుగుతూనే ఉంటుంది. వలయంలో నలుగురే ఉంటే మాత్రం ఇలా జరగదు. గోపి అయిదు లెక్కపెట్టటం పూర్తికాకముందే తట్టటం చుట్టి వస్తుంది, చచ్చిపోతుంది. కనక దారి పొడుగన్నా ఉండాలి, నడక మెల్లనన్నా ఉండాలి. ఒకచోట ఒకవైపు మాత్రమే అడ్డు ఉండాలి.

ఇది ఊహ కాదు. 1906లో అమెరికాలో మేయర్ అనే ఆయన సముద్రంలో గొడుగులా తేలే జెల్లీచేప శరీరాన్ని ఉంగరంలా కత్తిరించి, అందులో ఒక అల పుట్టించాడు. ఆగకుండా అది గుండ్రంగా తిరుగుతూనే ఉండిపోయింది. ఇది చదివిన జార్జి మైన్స్ అనే ఇంగ్లీషు యువకుడు 1913లో జంతువుల గుండెకండ ఉంగరాలలో కూడా అల ఇలాగే తిరుగుతుందని చూపించాడు. మనుషుల గుండె ఉన్నట్టుండి పరిగెత్తటానికి ఇదే కారణం కావచ్చునని అన్నాడు. ఆయన మాట ఎంత నిజమో తరవాత తేలింది.

మైన్స్ ఇంకొకటి కూడా కనిపెట్టాడు. తంతి ఆఫీసులో టక్కుటక్కుమనిపించే మీటతో కుందేలు గుండెకు ఒక్కొక్క చిన్న షాక్ ఇస్తూ పోయాడు. ఏ క్షణంలో ఇచ్చినా ఏమీ కాలేదు గాని, జఠరికలు విశ్రాంతిలో నుంచి బయటపడుతూ, కొన్ని కణాలు లేచి కొన్ని ఇంకా లేవని ఆ రెప్పపాటులో ఇచ్చినప్పుడు మాత్రం గుండె మొత్తం కకావికలైపోయింది. మన ఆటలో సీత ఒక్కతే కాక, వలయంలో సగం మంది సీతలైనట్టు! బంతి వేగంగా వచ్చి సరిగా గుండె మీద, సరిగా ఆ రెప్పపాటులోనే తగిలి ఆటగాడు కూలిపోవటం లోకంలో చాలా అరుదుగా జరుగుతుంది. దానికీ కారణం ఇదే.

1914 నవంబరులో ఒక సాయంకాలం, కెనడాలోని మాంట్రియాల్‌లో, మైన్స్ తన ప్రయోగశాలలో స్పృహ లేకుండా కనిపించాడు. ఒంటికి కొలిచే పరికరాలు తగిలించి ఉన్నవి. ఆ రాత్రే పోయాడు. తన మీద తానే ప్రయోగం చేసుకుంటున్నాడని చాలామంది అనుకున్నారు. ఆయన వయసు అప్పటికి 28.

మనుషుల గుండెలో ఈ వలయం ఎక్కడి నుంచి వస్తుంది? చాలామందిలో పాత గాయం నుంచి వస్తుంది. గుండెకండకు రక్తం తెచ్చే ధమనులలో ఒకటి పూడిపోతే ఆ భాగం కండ చచ్చిపోతుంది. దీన్నే గుండెపోటు అంటారు. మనిషి బతికితే ఆ చోట మచ్చ కడుతుంది. మచ్చలోకి కేక పోదు. కాని మచ్చలో అక్కడక్కడా బతికి మిగిలిన కండపోగులు ఇరుకు సందుల్లాగా ఉంటాయి. వాటిలో కేక నత్తనడక నడుస్తుంది. మెల్లని నడక, ఒకవైపు అడ్డు, రెండూ అక్కడ తయారుగా ఉన్నవి! ఏళ్ళ తరబడి ఏమీ జరగకపోవచ్చు. ఒకనాడు ఒక దొంగతన్ను సరిగా సందు మొదట్లోకి వచ్చిపడుతుంది. అల మచ్చ చుట్టూ తిరగటం మొదలుపెడుతుంది. జఠరికలు నిమిషానికి 150, 200సార్లు కూడా కొట్టుకుంటాయి. నిండటానికి వ్యవధి ఉండదు గనక ఎంత వేగంగా కొట్టుకుంటే అంత తక్కువ రక్తం బయటికి వస్తుంది.

గుండెపోటు వచ్చిన మొదటి గంట ఇంకా ప్రమాదం. సోడియాన్ని బయటికీ పొటాసియాన్ని లోపలికీ తోడిపోసే పంపులు ప్రతి కణంలోనూ ఉంటాయి. వాటిని నడిపే ఇంధనం పేరు ఏటీపీ. కండలో ఆ పదార్థం ఉన్నదని 1929లో కనిపెట్టినవాళ్ళలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. అప్పుడాయన అమెరికాలో హార్వర్డులో ఫిస్కే అనే ఆయనతో కలిసి పనిచేస్తుండేవాడు. రక్తం అందని కండలో ఈ ఇంధనం తరిగిపోతుంది, పంపులు మందగిస్తాయి, పొటాసియం బయట పేరుకుపోతుంది. పక్క పక్క కణాలే ఒకటి మేలుకుని ఒకటి మూర్ఛపోయి ఉంటాయి. అప్పుడు ఒక అల చీలి రెండు, రెండు చీలి నాలుగు అవుతాయి. జఠరికల్లో ఎక్కడికక్కడే ముడుచుకోవటం మొదలవుతుంది. రథం మోకులు పట్టుకున్న వందమందీ తలా ఒక కేక వింటున్నారన్న మాట. చూడటానికి గుండె సంచిలో పురుగులు మసలినట్టు వణుకుతుంది. చుక్క రక్తం బయటికి పోదు. వైద్యులు దీన్ని ఫిబ్రిలేషన్ అంటారు. మనిషి కొద్ది సెకండ్లలో స్పృహ తప్పి పడిపోతాడు. నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు చెడిపోవటం మొదలవుతుంది. స్కాట్లండులో మెక్‌విలియమ్ అనే ఆచార్యుడు 1889లోనే, మనుషులు హఠాత్తుగా చనిపోవటానికి ఇది కారణం కావచ్చునని రాశాడు. ఆనాడు ఎవరూ అంతగా పట్టించుకోలేదు.

ఏ జబ్బూ పైకి కనిపించని గుండెలో కూడా ఒకొక్కసారి ఇది వస్తుంది. ఆ మొదటి నిప్పురవ్వ ఎక్కడ పుడుతున్నదని ఫ్రాన్సులో బోర్డో నగరపు వైద్యులు వెతికారు. సన్నని తీగెలు గుండెలోకి పంపి, అలాంటి 27 మందిలో దొంగతన్ను పుట్టే చోటు పట్టుకున్నారు. 2002లో ఆ సంగతి ప్రకటించారు. 23 మందిలో అది పుర్కింజె పోగులలోనే పుడుతున్నది! 1839లో ఎందుకున్నవో తెలియని ఆ పోగులే ఆజ్ఞను మోసే దారీ అయినవి, ఆజ్ఞను ధిక్కరించే చోటూ అయినవి. వైద్యులు ఆ చిన్న చోటును తీగె చివర వేడితో కాల్చేశారు. చాలామందికి మళ్ళీ రాలేదు.

ఇక పడిపోయిన మనిషిని బతికించటం ఎలా? మళ్ళీ మన ఆటకు రండి. తట్టటం చుట్టూ తిరుగుతున్నది, ఆగటం లేదు. మీరు బయట నిలబడి "అందరూ లేవండి!" అని ఒక్క కేక పెట్టండి. విశ్రాంతి అయినవాళ్ళూ కానివాళ్ళూ అందరూ ఒక్కసారి లేచి కూర్చోవాలి. ఇప్పుడు అందరూ విశ్రాంతిలో ఉన్నారు. తట్టటం ముందుకు పోవటానికి చోటు లేదు. ఆట ఆగిపోయింది.

1899లో జెనీవాలో ప్రెవో, బటెల్లీ అనే ఇద్దరు కుక్కల మీద ప్రయోగాలు చేస్తూ, చిన్న షాక్ ఇస్తే గుండె వణకటం మొదలవుతుందనీ, ఇంకా పెద్ద షాక్ ఇస్తే ఆ వణుకు ఆగిపోతుందనీ చూశారు. మనిషికి దీన్ని వాడి మొదటిసారిగా బతికించినది 1947లో, అమెరికాలోని క్లీవ్‌లండ్‌లో. 14 ఏళ్ళ కుర్రవాడికి ఛాతీ ఆపరేషన్ జరిగింది. కుట్లు వేస్తుండగా గుండె వణకసాగింది. క్లాడ్ బెక్ అనే శస్త్రవైద్యుడు మళ్ళీ ఛాతీ తెరిచి, గుండెను చేత్తో పట్టుకుని అరగంటకు పైగా పిసుకుతూ రక్తాన్ని నడిపించాడు. తరవాత రెండు బిళ్ళలు గుండెకు ఆనించి షాక్ ఇచ్చాడు. వణుకు ఆగలేదు. మందు వేసి మళ్ళీ ఇచ్చాడు. గుండె నిశ్చలమయింది. కాసేపట్లో లయగా కొట్టుకోసాగింది. కుర్రవాడు బతికాడు. మీ వయసుకు కొంచెం పెద్దవాడు, అంతే.

1956లో బోస్టన్‌లో పాల్ జోల్ ఛాతీ తెరవకుండా పైనుంచే షాక్ ఇవ్వవచ్చునని చూపించాడు. 1960లో బాల్టిమోర్‌లో కవెన్‌హోవెన్ అనే విద్యుత్ ఇంజనీరూ, ఆయనతో పనిచేసిన జూడ్, నికర్‌బాకర్ అనే ఇద్దరూ ఇంకా సులువైన సంగతి చెప్పారు. ఎముక మీద నుంచి ఛాతీని నొక్కితే చాలు, లోపల గుండె కూడా నలిగి రక్తం కదులుతుంది. బెక్ చేత్తో చేసిన పని ఎవరైనా చెయ్యవచ్చు.

ఇది పెద్దవాళ్ళు కూడా చదవండి. ఎవరైనా ఉన్నట్టుండి కూలిపోయి, పిలిచినా పలకకుండా, ఊపిరి సరిగా తియ్యకుండా ఉంటే, ఒకరు 108కి ఫోను చెయ్యాలి. ఇంకొకరు మనిషిని గట్టినేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ నడిమి ఎముక కింది సగం మీద రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి ఉంచి, మోచేతులు వంచకుండా, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున, నిమిషానికి 100 నుంచి 120సార్లు నొక్కుతూ ఉండాలి. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. మొహాన నీళ్ళు కొడుతూ, ఉల్లిపాయ వాసన చూపిస్తూ ఉంటే ఆ నాలుగైదు నిమిషాలూ కాస్తా అయిపోతవి. నొక్కినందువల్ల వణుకు ఆగుతుందని కాదు. షాక్ ఇచ్చే యంత్రం వచ్చే దాకా మెదడుకు కాస్త రక్తం అందుతూ ఉంటుంది. బలం చాలని పిల్లలు కేకవేసి పెద్దవాళ్ళను పిలవవచ్చు, ఫోను చెయ్యవచ్చు. అది కూడా చిన్న పని కాదు.

యంత్రం గుండెను నడిపిస్తుందని చాలామంది అనుకుంటారు. అది చేసేది దానికి సరిగా ఎదురు. గుండెలోని కేకలన్నిటినీ ఒక్క దెబ్బతో ఆపేస్తుంది. ఆ తరవాత ఒకటి రెండు సెకండ్లు గుండెలో ఏ శబ్దమూ ఉండదు. గది అంతా ఊపిరి బిగబట్టి చూస్తుంది. చూరు కింద చెంబులు అన్నీ ఖాళీ అయినవి, మళ్ళీ చుక్క చుక్కగా నిండుతున్నవి. వాటిలో అందరికన్నా ముందు నిండేది, అన్నీ బాగుంటే, ఫ్లాక్ ఒక వేసవినాడు మోల్ గుండెలో చూసిన ఆ చిన్న ముడే.